చుట్టరికం చెప్పొద్దు

సోమేశ్వర్ గారి ముందు ఎవరినైనా "ఈయన ఫలానా వాళ్ళ అబ్బాయండీ" అని పరిచయం చేస్తే ఆయన రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుంటాడు. మాటవరసకు అనడం లేదు. నడిబజారైనా పెళ్ళి పందిరైనా సరే, అరచేతులు చెవుల మీద బిగించి, కళ్ళు కూడా మూసుకుని, అవతలివాళ్ళు చెప్పడం ఆపేదాకా అలాగే నిలబడతాడు. ఆ తర్వాత ఒక చేయి కొంచెం తీసి "అయిపోయిందా?" అని అడుగుతాడు.

వేరే ఊళ్ళో ఈ అలవాటుతో ఎలాగోలా బతకొచ్చు. తాండూరులో కష్టం. మా వైపు కొత్త మనిషి కనబడితే పేరు తర్వాత, ముందు "ఎవ్వరి పిల్లగానివి?" అని అడుగుతారు. మంగలి షాపులో అడుగుతారు, బస్సులో పక్క సీటాయన అడుగుతాడు, దవాఖానలో ఇంజెక్షన్ గుచ్చబోతూ కూడా అడుగుతారు. తండ్రి పేరు చెప్పామా, ఇక మనం ఏం పని చేస్తామో, కోపమెంతో, వంకాయ తింటామో తినమో వాళ్ళే చెప్పేస్తారు. అలాంటి ఊళ్ళో సోమేశ్వర్ చేతులు చెవుల మీద ఉన్న సమయమే ఎక్కువ.

పప్పుమిల్లు చెన్నబసప్ప గారి పెద్ద కొడుకు ఆయన. ఈ మాట ఆయన వినేలా అంటే మాత్రం చేతులు లేస్తాయి. డాక్టరేట్ తెచ్చుకుని, వికారాబాద్ డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతూ జుట్టు సగం నెరిసినా, బజారులో ఇంకా ఆయన్ని "పప్పుమిల్లోళ్ళ పెద్దోడు" అనే అంటారు. కందులు నాణ్యంగా ఉన్నాయా లేదా అని అడుగుతారు. మిల్లు నడిపేది తమ్ముడు వేణు. అన్న ఉండేది మిల్లు పైగదిలో, కంప్యూటర్ ముందు. కింద కందులు పప్పవుతుంటాయి, పైన ఆయన అదే కందిలోని ప్రొటీన్లు ఏం పని చేస్తాయో కనుక్కుంటుంటాడు.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. ప్రొటీన్ అంటే ఇరవై రకాల పూసలు గుచ్చిన దండ అనుకోండి. ఒక్క కందిచెట్టులోనే అలాంటివి వేలకు వేలు. పూసలు ఏ వరసలో ఉన్నాయో చదవడం ఇప్పుడు తేలిక. ఆ దండ ఏం పని చేస్తుందో చెప్పడమే కష్టం. అందరూ చేసేది దాని చుట్టాలను వెతకడం. ఎలుకలోనో ఈస్టులోనో ఇలాంటి దండే ఉంటే, అది చేసే పనే ఇదీ చేస్తుందని రాసేస్తారు. చాలాసార్లు అది నిజమే అవుతుంది కూడా. కానీ ఏ జీవిలోనూ చుట్టమనేది దొరకని దండలుంటాయి. పోలిక ఉండి పని మార్చుకున్నవీ ఉంటాయి. సోమేశ్వర్ వాటి తరఫు మనిషి. దండ పొడవెంత, నీటిని ఇష్టపడే పూసలెన్ని, నూనెను ఇష్టపడేవెన్ని, ధనావేశమా ఋణావేశమా, మొదట్లో 'నన్ను కణం బయటికి పంపండి' అని అంటించిన చీటీలాంటి ముక్క ఏమైనా ఉందా, ఇలాంటి గుణాలు లెక్కగడతాడు. పని తెలిసిన ప్రొటీన్లు చూపించి యంత్రానికి నేర్పిస్తాడు. ఆ తర్వాత తెలియనివాటి పని ఊహించమంటాడు. ఒక జాతి మీద నేర్చుకున్నది ఇంకో జాతికి ఎంతవరకు పనికొస్తుంది అన్నదే ఆయన పరిశోధన.

ఇదంతా కంప్యూటర్లోనే ఆగితే నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఆయన దాన్ని మనుషుల మీదికి తెచ్చాడు.

నేను వికారాబాద్‌లో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. కాపురం తాండూరులో. పొద్దున్నే రైలు. మొదటిసారి ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడు, అలవాటు కొద్దీ నేనే "పరిగి దగ్గర రాములుగారి..." అని మొదలుపెట్టాను. ఆయన చేతులు లేచాయి. నేను ఆగాక, నా చెప్పులు చూశాడు, వేళ్ళు చూశాడు, చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న థర్మామీటర్ చూశాడు.

"పిల్లల డాక్టర్," అన్నాడు.

"కాదు సార్. కెమిస్ట్రీ లెక్చరర్‌ని."

"జర తప్పింది," అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా. ఆ రోజు నుంచి నన్ను డాక్టర్ సార్ అనే పిలుస్తాడు.

థర్మామీటర్ సంగతి కూడా చెప్పాలి. మా భవ్యశ్రీ పుట్టినప్పటి నుంచి అది నా జేబులోనే ఉంటోంది. ఎప్పుడు ఏ అవసరం వస్తుందో ఎవరికి తెలుసు? "బిడ్డ తాండూరుల ఉంటే థర్మామీటర్ వికారాబాద్ పోయి ఏం జేస్తది?" అని నా భార్య రచన అడుగుతుంది. కానీ అది జేబులో లేకపోతే ధారూర్ స్టేషన్ దాటేసరికి నాకే ఒళ్ళు వెచ్చబడినట్టుంటుంది.

సోమేశ్వర్ జోస్యాల్లో ఒక్కటీ సరిగ్గా తగిలేది కాదు. స్టేషన్ ఎదుటి హోటల్లో ప్లేట్లు తెచ్చిపెట్టే ఏసుదాసు నడక, భుజం మీద తువాలు చూసి "ఈ హోటల్ మీదే గదా" అన్నాడు. కొడంగల్ బస్సులో కండక్టర్‌ని చూసి డిపో మేనేజర్ తనిఖీకి వచ్చాడనుకున్నాడు. రైల్లో సీతాఫలాలు అమ్మే నర్సప్ప గంప సర్దుకునే తీరు చూసి, ఇది ఎగుమతి వ్యాపారం అని తేల్చాడు. నర్సప్ప ఎగుమతి అంటే దుబాయికా అని అడిగి, కాసేపు ఆలోచించి, తను ఇప్పటికి శంకర్‌పల్లి దాకే చేస్తున్నానని చెప్పాడు. పెట్టెలో అందరూ నవ్వారు. నర్సప్ప కూడా నవ్వాడు. కానీ మర్నాటి నుంచి పండ్ల కింద కొత్త కాగితం పరచడం మొదలుపెట్టాడు. "ఎక్స్‌పోర్ట్ మాల్, జర చూసి పట్టుకోండ్రి," అంటూ అమ్మేవాడు.

మనుషులతో ఆగలేదు. మర్పల్లిలో మా మామగారు హనుమంతు ఒక బర్రెను కొన్నారు. కొన్నప్పటి నుంచి మా అత్తగారు గోవిందమ్మ ఆయన్ని పీక్కుతింటోంది. అడగకుండా కొన్నాడని, ముసలిదని, దాని తల్లి ఏ ఊరిదో కూడా తెలియదని. ఒక ఆదివారం నాతోపాటు వచ్చిన సోమేశ్వర్‌ని మామగారు దొడ్లోకి తీసుకుపోయారు. దాని తల్లి గురించి అత్తగారు మొదలుపెట్టగానే సోమేశ్వర్ చెవులు మూసుకున్నాడు. చెవులు మూసుకున్న మనిషిని మొదటిసారి చూసిన బర్రె నెమరు ఆపింది.

ఆయన దాని చర్మం తాకాడు, నడిపించి చూశాడు, పొదుగు చూశాడు. "పూటకు ఎనిమిది లీటర్లు ఇస్తది," అన్నాడు. మామగారి మీసం ఆ రోజంతా నవ్వుతూనే ఉంది. అది ఇచ్చింది నాలుగు.

"సారూ, సగమే ఇస్తున్నది," అని మామగారు ఫోన్ చేస్తే, "నా పద్ధతి మనుషులది. జాతి మారితే జర తప్పుతది," అన్నాడు సోమేశ్వర్. ఆ మాట మా ఇంట్లో వాడుకలోకి వచ్చేసింది. రచన చేసిన రొట్టె గుండ్రంగా రాకపోయినా జాతి మారిందనే అనుకునేవాళ్ళం.

అప్పటిదాకా నేనూ నవ్వినవాణ్ణే. భవ్యకు రెండేళ్ళు దాటాక నా నవ్వు ఆగింది.

భవ్య మాట్లాడటం లేదు. అమ్మ అంటుంది, బువ్వ అంటుంది, అంతే. పక్కింటి పిల్లాడు దానికంటే చిన్నవాడు, గేటు దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ ఊరి వార్తలు చెబుతాడు. సైన్స్ చదివినవాడికి భయం వేస్తే మామూలు భయం వేయదు. లక్షణాలతో, కారణాలతో, శాతాలతో సహా వేస్తుంది. ఫోన్‌లో దొరికినవన్నీ చదివాను. చదివినకొద్దీ నాకే మాట పడిపోయేలా ఉంది.

దానికితోడు మా అత్తగారు కొన్నాళ్ళు ఉండటానికి వచ్చి, కాళ్ళు కడుక్కోకముందే తీర్పు చెప్పింది. "పరేషాన్ గాకు అల్లుడా. గిది మా జంగప్ప పోలిక."

జంగప్ప మా అత్తగారి తమ్ముడు. పరిగిలో సైకిళ్ళు బాగుచేస్తాడు. మంచివాడు. కానీ ఆయన గొంతు ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆయన పెళ్ళి కూడా తల ఊపులతోనే అయిపోయిందని చెబుతారు. ఇంటికి వచ్చినవాళ్ళు, పోయినవాళ్ళు అందరూ అదే అన్నారు. జంగప్ప పోలిక, జంగప్ప పోలిక. చివరికి నిద్రపోతున్న బిడ్డ ముఖంలో నాకు కూడా జంగప్ప మీసం కనబడసాగింది.

రైల్లో నా ముఖం చూసి సోమేశ్వర్ అడిగాడు. చెప్పాను. జంగప్ప దాకా వచ్చేసరికి ఆయన చేతులు చెవుల మీదికి వెళ్ళాయి. నాకు ఒళ్ళు మండింది. మనిషి ఏడుపు ముఖంతో చెబుతుంటే ఇదేం చోద్యం అనిపించింది. కానీ ఆయన ఆ సాయంత్రం నాతోపాటే మా ఇంటికి వచ్చాడు.

అత్తగారు తలుపు దగ్గరే పట్టుకుంది. తన తమ్ముడి గురించి, తమ్ముడి తాత గురించి మొదలుపెట్టింది. ఆయన చెవులు మూసుకున్నాడు. ఆమె గొంతు పెంచింది. ఆయన కళ్ళు కూడా మూశాడు. ఆమె వదలకుండా చుట్టూ తిరుగుతూ, మూడు తరాలు దిగి వచ్చి, అలసిపోయి కూర్చుంది. "అయిపోయిందా?" అని అడిగి, ఆయన నేల మీద భవ్య పక్కన చతికిలబడ్డాడు.

చీకటి పడేదాకా వాళ్ళిద్దరూ అక్కడే. వంటింట్లో కుక్కర్ కూస్తే భవ్య తల తిప్పింది. రైలు కూత వినబడగానే ఆయన వేలు పట్టుకుని గుమ్మం దాకా లాక్కుపోయి చూపించింది. ఆయన కళ్ళజోడు తీసి బియ్యం డబ్బా వెనక దాచింది. ఆయన వెతుకుతుంటే విరగబడి నవ్వింది. పోతానని ఆయన లేవగానే, ఎవరూ చెప్పకుండానే ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

గుమ్మంలో ఆగి నాతో అన్నాడు, "పాప చెవుల సంగతి నా పద్ధతితోని చెప్పొద్దు డాక్టర్ సార్. రేపే పోయి పరీక్ష చేయించుండ్రి." అప్పుడు మాత్రం ఆయన ముఖంలో నవ్వు లేదు. తర్వాత మా అత్తగారి వైపు తిరిగి మామూలు గొంతుతో ప్రకటించాడు, "ఈ పాప పెద్దగయినంక రైల్వే స్టేషన్‌ల అనౌన్సర్ అయితది. మూడు భాషలల్ల."

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి అత్తగారు అంది, "బర్రెకు గూడ గిట్లనే చెప్పిండు."

చెవుల పరీక్ష అయింది. చెవులు బాగున్నాయి. డాక్టరమ్మ బిడ్డతో బాగా మాట్లాడుతూ ఉండమని, కొన్ని నెలలు చూసి మళ్ళీ రమ్మని చెప్పింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, నేను తప్ప. నా లెక్క నాకుంది. ఏసుదాసుకు హోటల్ లేదు. నర్సప్పకు ఎగుమతి లేదు. బర్రె ఎనిమిది లీటర్లు ఇవ్వలేదు. సోమేశ్వర్ చెప్పింది ఎప్పుడూ జరగదు. ఆయన ఇప్పుడు నా బిడ్డ మాట్లాడుతుందని చెప్పాడు.

ఈ దిగులుతోనే ఒకరోజు ల్యాబ్‌లో పిల్లల రీడింగులు చూస్తున్నాను. తప్పులు చేసే పిల్లలు రెండు రకాలు. కొందరి రీడింగులు ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా అటూ ఇటూ ఊగుతాయి. అది చేతి వణుకు. ఇంకొందరివి అన్నీ ఒకేవైపు తప్పుతాయి. అది వణుకు కాదు, బ్యూరెట్ అనే కొలత గొట్టం దగ్గర కన్ను పెట్టిన చోటులో తేడా. ఆ రోజు ఒకమ్మాయి రీడింగులు ఒక్కటి కూడా మిగలకుండా అన్నీ పైకే తప్పాయి.

"కన్ను ఏడ పెట్టి చూస్తున్నవమ్మా?" అని అడిగాను. అడిగి, నోరు అలాగే తెరుచుకుని నిలబడిపోయాను.

వడ్డించేవాడు ఓనరు. కండక్టర్ డిపో మేనేజర్. గంప ఎగుమతి. లెక్చరర్ డాక్టర్. నాలుగు లీటర్లు ఎనిమిది. ఇన్నాళ్ళలో సోమేశ్వర్ ఒక్క డాక్టర్‌నైనా చూసి కాంపౌండర్ అనుకున్నాడా? ఒక్క ఓనర్‌కైనా ప్లేట్లు ఎత్తమని చెప్పాడా? చేతకాక తప్పేవాడి తప్పులు రెండు వైపులా ఉండాలి. ఈయన తప్పులన్నీ పైకే. అంతేకాదు, ప్రతిసారీ ఒక్క మెట్టే తప్పాలంటే అసలు మెట్టు ఏదో ముందే తెలిసి ఉండాలి.

ఆ సాయంత్రం స్టేషన్ నుంచి నేరుగా పప్పుమిల్లుకు పోయాను. వేణు కంది పొట్టులో నిలబడి ఉన్నాడు. అన్న ఉన్నాడా అంటే పైకి చూపించాడు. "ఉన్నడు. పొద్దుగూకులు తెలియదు, తెలియదు అని రాసుకుంట కూసుంటడు. గా మాట నేను గిరాకీకి చెప్తే మిల్లు మూసుకోవాలె."

పైన చూస్తే నిజంగానే అంతే. తెర మీద కందిలోని ప్రొటీన్ల పేర్లు, వాటి పక్కన యంత్రం ఊహించిన పనులు, ఆ ఊహ ఎంత గట్టిదో చెప్పే అంకెలు. అంకె తక్కువగా ఉన్న ప్రతిచోటా ఆయన ఆ ఊహ కొట్టేసి 'తెలియదు' అని రాస్తున్నాడు. పై నుంచి కింది దాకా తెలియదు, తెలియదు, తెలియదు. మధ్యలో ఎక్కడో ఒకటి రెండు పనులు.

"ఇక్కడ గింత కచ్చితంగా ఉంటరు గదా సార్," అన్నాను. "మనుషులకు మాత్రం తెలియదు అని ఒక్కసారి గూడ ఎందుకు అనలేదు?"

ఆయన ఇంకో ఊహ కొట్టేసి, పక్కన 'తెలియదు' అని రాశాడు.

"ప్రొటీన్లకు చెవులు ఉండవు సార్," అన్నాడు.

నాకు ఇంకొక్కటే అడగాల్సి ఉంది. అడగడానికి భయం వేసింది, అయినా అడిగాను. "మా భవ్య సంగతి నిజంగ చెప్పుండ్రి."

నేను చూస్తుండగా మొదటిసారి ఆయన ఒక మనిషి గురించి ఆ మాట అన్నాడు. "తెలియదు సార్." తర్వాత తెర మీది వరసలు చూపించాడు. "తెలియదు అంటే పని లేదని గాదు. మనకు ఇంక కనబడలేదని. జంగప్పను చూసి రాసేయొద్దు, అంతే."

వింతగా, నెలల తరబడి విన్న ధైర్యాలన్నిటికంటే ఆ 'తెలియదు' నాకు తేలికగా అనిపించింది. ఇంటికి నడుస్తూ ఇంకో లెక్క కూడా వేసుకున్నాను. అనౌన్సర్, మూడు భాషలు. బర్రె లెక్కన సగం తీసేసినా భాషన్నర మిగులుతుంది. నాకు అందులో ఒక్కటి చాలు.

ఆ తర్వాత భవ్యతో నేను మానకుండా మాట్లాడాను. మూలకాల పట్టిక కూడా చెప్పాను. రచన పాటలు పాడింది. అత్తగారు గుమ్మంలో కూర్చుని, వచ్చిన ప్రతివాళ్ళనూ తనదైన ప్రశ్నలు అడిగింది. పాలవాడిని, కరెంటు మీటర్ చూసేవాడిని, దారి తప్పి వచ్చినవాడిని. భవ్య పక్కన కూర్చుని వినేది. ఒకటి రెండు మాటలు కొత్తగా కలిశాయి. పాలు, పో, కాదు. వాటికే నేను ఇంట్లో వాళ్ళందరికీ మిఠాయి పంచాను.

చలికాలం వచ్చి కొత్త కందులు మిల్లుకు చేరాక, ఒక ఆదివారం సోమేశ్వర్ పప్పు సంచి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలో మా అత్తగారు లేదు, వంటింట్లో ఉంది. ఆమె పీట మీద భవ్య కూర్చుని ఉంది. ఆయన లోపలికి అడుగు వేయబోతే లేచి అడ్డంగా నిలబడింది. అమ్మమ్మ లాగే ఒక చేయి నడుము మీద పెట్టుకుంది. ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది.

"నువ్వు ఎవ్వలి పిల్లగానివి?" అంది.

పూర్తి వాక్యం. వంటింట్లో గరిట ఆగింది. రచన తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది.

సోమేశ్వర్ చేతులు అలవాటు కొద్దీ లేచాయి. ఒక చేతిలో పప్పు సంచి ఉంది, అది కూడా చెవి దాకా పోతోంది. భుజాల దగ్గర రెండు చేతులూ ఆగాయి. నెమ్మదిగా దిగాయి. ఆయన భవ్య ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పప్పుమిల్లు చెన్నబసప్ప పిల్లగాన్ని, తల్లీ," అన్నాడు.

భవ్య కాసేపు ఆలోచించి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది. అత్తగారు గరిటతోనే వచ్చి, ఇన్నాళ్ళూ తను అడిగితే చెప్పని మనిషి చిన్నపిల్ల అడిగితే చెప్పాడని సంతోషంలోనే అలిగింది. సోమేశ్వర్ లేచి, మోకాళ్ళు దులుపుకుని, కళ్ళజోడు తుడుచుకుంటూ నాతో గంభీరంగా అన్నాడు, "అనౌన్సర్ అని తప్పు చెప్పిన సార్. గిది స్టేషన్ మాస్టర్ అయితది."

మర్నాడు రైల్లో ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన నా చెప్పులు చూశాడు, వేళ్ళు చూశాడు, చొక్కా జేబు చూశాడు. అందులో పెన్ను మాత్రమే ఉంది.

"అయితే మీరు పిల్లల డాక్టర్ గాదన్నమాట," అన్నాడు.

"కాదు సార్. మొదటి రోజే చెప్పిన. కెమిస్ట్రీ లెక్చరర్‌ని."

ధారూర్ దాటేదాకా ఆయన ఆలోచించాడు. నర్సప్ప ఎక్స్‌పోర్ట్ మాల్ నెత్తిన పెట్టుకుని మమ్మల్ని దాటుకుంటూ పోయాడు.

"ప్రిన్సిపాల్," అన్నాడు సోమేశ్వర్.